చిరుతబల్లి కుబుసము, చిన్న పళ్ళెంలో నీళ్ళు

యతిప్రాసల మీద వ్రాస్తానని మాట యిచ్చి బల్లుల మీద వ్రాస్తున్నాడేమిటి ఈ ముసలాయన అని మీరు ముక్కున వేలు వేసుకోవచ్చు. సీసపద్యం నాలుగు రోజులు ఆగినా దానికి ప్రాణభయం లేదు. ఈ విషయం అలా ఆగేది కాదు. పైగా నేను చెప్పబోయేది గౌళిశాస్త్రమూ కాదు. బల్లి తలమీద పడితే ఏమి ఫలం, భుజంమీద పడితే ఏమి ఫలం అని మన పంచాంగాలు ఏటేటా పట్టికలు వేసి చెబుతూనే ఉన్నాయి. మనిషి చేతిలో పడితే బల్లికి ఏమి ఫలమో ఒక్క పంచాంగమూ చెప్పదు. కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చిన చేతులతోనే, ఇంటికి రాగానే గోడమీది బల్లిని చీపురుతో కొట్టేవాళ్ళం మనం.

ఈ జీవిని ఇంగ్లీషులో లెపర్డ్ గెకో అంటారు. చిరుతపులికి వలె ఒంటినిండా మచ్చలు కనుక నేను చిరుతబల్లి అని పేరు పెట్టుకున్నాను. అంతకంటె మంచి మాట మీకు తోస్తే చెప్పండి, మార్చుకుంటాను. శాస్త్రజ్ఞులు దీని ప్రజాతికి పెట్టిన పేరు యూబ్లెఫారిస్. 1827లో గ్రే అనే ఆంగ్లేయుడు పెట్టినది. గ్రీకు భాషలో 'యూ' అంటే మంచి, 'బ్లెఫారోన్' అంటే కనురెప్ప. వైరిసమాసమని మీరు కోప్పడకపోతే 'సురెప్ప' అనవచ్చు. పేరు సార్థకమే. మన ఇంటి బల్లికి కదిలే రెప్పలు లేవు, నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. దీనికి రెప్పలున్నాయి, కన్ను మూసి నిద్రపోతుంది. ఇంటి బల్లికి వ్రేళ్ళ క్రింద ఉండే అంటుకొనే మెత్తలు దీనికి లేవు కనుక గోడ ఎక్కలేదు. నేలమీద తిరుగుతుంది, పగలు రాతిసందున దాగుతుంది, చీకటిపడ్డాక వెలుపలికి వస్తుంది. లావుపాటి తోకలో కొవ్వు దాచుకుంటుంది.

ప్రపంచమంతటా ఇళ్ళలో పెంచుకొనేది మాక్యులారియస్ అనే జాతి. 1854లో బ్లైత్ వర్ణించినది. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం దాని పుట్టిళ్ళు. కొన్ని దశాబ్దాలుగా అది పెంపకందారుల ఇళ్ళలోనే గుడ్లు పెట్టి తరాలు గడుపుతున్నది. మన తూర్పు కనుమలలో ఉన్నది దానికి చుట్టం. చాలాకాలం దానిని హార్డ్‌విక్కీ అనే జాతిలోనే కలిపి లెక్కించారు. 2022లో జీషన్ మీర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇది వేరే జాతి అని తేల్చి యూబ్లెఫారిస్ పిక్టస్ అని నామకరణం చేశారు. పిక్టస్ అంటే లాటిన్‌లో చిత్రింపబడినది. ఆంధ్ర, ఒడిశాల కొండలు దాని నెలవు. మా విశాఖ కొండలకు ఆ విధంగా ఒక కొత్త పేరు దక్కింది. ఆ పేరు ఇక్కడివారికి ఇంకా చేరలేదు. "కరిస్తే మనిషి బతకడు" అన్న మాట మాత్రం ఎప్పుడో చేరింది. నిజానికి దానికి విషం లేదు. అయినా కనబడగానే కర్ర తీసుకుంటారు.

ఇక నా కథకు వస్తాను. అరకు ఘాట్ రోడ్డు దిగువన మా ఊరు. నేను గిరిజన ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన రోజులలో నా దగ్గర చదువుకున్న ఒకడు ఇప్పుడు కొండమీది గూడెంలో కాఫీ తోట పని చేసుకుంటూ ఉన్నాడు. వాడి కొడుకు పదవ తరగతి. గత మాఘమాసంలో ఆ పిల్లవాడు ఒక ప్లాస్టిక్ డబ్బా చంకన పెట్టుకొని మా యింటికి వచ్చాడు. మూత తీస్తే లోపల చిరుతబల్లి. పొదలు కొట్టేటప్పుడు రాయి క్రింద దొరికిందట. తండ్రి చంపబోతే వీడు అడ్డుపడి తెచ్చుకున్నాడట. అంతవరకు వాడిని మెచ్చుకోవలసిందే. ఆ తరువాత సెల్‌ఫోనులో వీడియోలు చూసి పెంచటం మొదలుపెట్టాడు.

"ఏటో అయిపోనాది మాష్టారూ. తెల్లగా బూడిద రాసినట్టుంది. వేళ్ళు కదపట్లేదు."

చూస్తే అది సగం విడిచిన కుబుసం. ఒంటిమీది పాతచర్మం చాలావరకు ఊడింది గాని నాలుగు పాదాల వ్రేళ్ళకు, తోక కొసకు బిరుసెక్కి పట్టుకొని ఉన్నది. పాము కుబుసం గురించి పద్యాలు చెప్పిన నోటికి బల్లి కుబుసం గురించి ఒక్క ముక్క రాలేదు. నిర్మోకము, కంచుకము అని పర్యాయపదాలు మాత్రం గుర్తుకు వచ్చాయి. వాటితో బల్లి వ్రేళ్ళు ఊడిరావు గదా! అప్పుడు మా మనుమరాలు జ్ఞాపకం వచ్చింది. టెక్సాసులో ఉంటుంది, పద్నాలుగేళ్ళు. పసుపుపచ్చని, పెంపకంలో పుట్టిన చిరుతబల్లి ఒకటి దాని దగ్గర మూడేళ్ళుగా ఉన్నది. దానికి బొబ్బట్టు అని పేరు. ఫోను చేసి బొమ్మ చూపించాను.

"తాతయ్యా, లాగొద్దని చెప్పండి. అస్సలు లాగొద్దు. ముందు తడపాలి" అన్నది. అమ్మాయి గొంతులో పంతులమ్మ పలికింది.

ఆ రోజు మొదలు ఆ పిల్లలిద్దరి దగ్గరా నేను నేర్చుకొన్నదీ, ఆపైన చదివి సరిచూసుకొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను. మీలో ఎవరి పిల్లలైనా ఈ జీవిని పెంచుతూ ఉంటే అక్కరకు వస్తుంది.

కుబుసం విడవటమంటే పైచొక్కా విప్పటం వంటిది కాదు. పాతచర్మం క్రింద కొత్తచర్మం పూర్తిగా తయారైన తరువాత, ఆ రెంటి నడుమ పలుచని ద్రవం ఊరి వాటిని విడదీస్తుంది. ఒంటిలో నీరు చాలకపోతే, చుట్టూ గాలి మరీ పొడిగా ఉంటే, ఆ విడదీసే పని సగంలో ఆగిపోతుంది. ఎదిగిన బల్లి నాలుగు నుంచి ఎనిమిది వారాలకొకసారి, పిల్లబల్లి ఇంకా తరచుగా కుబుసం విడుస్తుంది. ముందుగా రంగు మాసి తెల్లబారుతుంది. తరువాత రాళ్ళకు రాచుకొని, నోటితో లాగి, మేజోడు విప్పినట్టు విప్పి ఆ చర్మాన్ని తినేస్తుంది. తినటం చూసి కంగారు పడనక్కరలేదు. విడవని ముక్క ఒంటిమీద ఉంటే పెద్ద ప్రమాదం లేదు గాని వ్రేలికి ఉంగరంలా చుట్టుకొని ఎండితే అది నానాటికి బిగుస్తుంది. వాచిన వ్రేలికి ఉంగరం బిగిసినప్పుడు ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. నెత్తురు ఆగి వ్రేలు నల్లబడి రాలిపోతుంది. ఒకసారి పోయిన వ్రేలు తిరిగి మొలవదు. తోక మొలుస్తుంది, వ్రేలు మొలవదు.

మా పిల్లవాడు చేసిన మొదటి పొరపాటు నీళ్ళ పళ్ళెమే పెట్టకపోవటం. "ఇది ఎడారి జీవి, నీళ్ళు తాగదు" అని ఏదో వీడియోలో చెప్పారట. ఇది చాలామంది చేసే పొరపాటు. మాక్యులారియస్ పొడినేలల జీవి అన్నది నిజమే. అయితే పగలంతా అది దాగి ఉండే రాతిసందు, మట్టిబొరియ బయటి గాలికంటె ఎంతో తేమగా ఉంటాయి. రాత్రివేళ రాళ్ళమీద నిలిచిన చుక్కలను నాకుతుంది. మా కొండల బల్లి సంగతి చెప్పనే అక్కరలేదు. ఆషాఢం మొదలు మార్గశిరం దాకా అనంతగిరి మీద తడి ఆరిన రాయి ఉండదు, శీతకాలం తెల్లవారుజామున మంచు ఆకుల మీదనుంచి వానలా కారుతుంది. అటువంటి చోటనుంచి తెచ్చి, దూది పరచి, పైన కరెంటు బల్బు వెలిగించి, నీరు లేకుండా ఇరవై రోజులు ఉంచాడు వీడు. పాపం, చలి వేస్తుందని బల్బు పెట్టాడు.

రెండవ పొరపాటు వాడి నాయనమ్మది. చర్మం మెత్తబడుతుందని ఆముదం రాసింది. మన ఇళ్ళలో ఆముదానికి నయం కాని జబ్బు లేదు గదా! బల్లికి మాత్రం ఆ జిడ్డుకు దూది, ధూళి అంటుకొని పెచ్చు మరింత గట్టిపడింది. ఆముదమే కాదు, కొబ్బరినూనె, పసుపు ముద్ద, వాజలీను, ఏదీ వద్దు. నీరే మందు.

మూడవ పొరపాటు మీకు వింతగా ఉంటుంది. నీరు చాలలేదని తెలిశాక డబ్బా అంతా చెంబుతో తడిపేశాడు. డబ్బా అంతా తడిగా, పైగా చలిగా ఉంటే ఈ జీవి చర్మం పుండ్లు పడుతుంది, ఊపిరితిత్తులలో రోగం పుడుతుంది. దానికి కావలసింది ఇల్లంతా పొడి, ఒక్క గది తడి. మూతకు ద్వారం కోసిన చిన్న డబ్బా ఒకటి, అందులో తడిపి పిండిన నాచుగాని, కడిగిన కొబ్బరిపీచుగాని, తెల్లని నూలుగుడ్డగాని పరచి, వెచ్చగా ఉండే వైపున పెట్టాలి. పిండితే చుక్క కారకూడదు, తాకితే చెమ్మ తగలాలి. రెండు మూడు రోజులకొకసారి మార్చకపోతే బూజు పడుతుంది. ఈ తడిగది ఎప్పుడూ ఉండాలి. కుబుసం వేళ వచ్చిందని గుర్తించి అప్పుడు పెడదామనుకొనేవాడు తప్పకుండా ఆలస్యం చేస్తాడు. ఎప్పుడు లోపలికి పోవాలో బల్లికి మనకంటె బాగా తెలుసు.

నీటి సంగతి కొంచెం విస్తరించి వ్రాస్తాను, దీనినే అందరూ తేలికగా తీసివేస్తారు. పళ్ళెం లోతు తక్కువగా ఉండాలి, నిలబడితే కడుపు మునగకూడదు. పింగాణీ సాసరు చాలు. మట్టి మూకుడు చూడముచ్చటగా ఉంటుంది గాని రంధ్రాలలో మురికి పట్టి ఒక పట్టాన వదలదు. నీరు ప్రతిదినమూ మార్చాలి. మార్చటమంటే మీద పోయటం కాదు. పళ్ళెం అడుగున వ్రేలు పెట్టి చూడండి, రెండు రోజులకే జారుడు పాచి తగులుతుంది. సూక్ష్మజీవుల కాపురం అదే. తోమి, మరిగే నీళ్ళతో కడిగి, ఆరబెట్టి తిరిగి పోయాలి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఈ బల్లులకు మృత్యువు వంటిది. తోకలోని కొవ్వంతా కరిగి పుల్లలా మిగిలిపోతుంది. మలం ద్వారా నీటిలోకి, తిండిలోకి చేరుతుంది. దానిని బ్లీచింగు నీరు ఏమీ చేయలేదు, మరిగే నీరు చంపుతుంది. ఇక ఈ జీవులు ఆరోగ్యంగా ఉండి కూడా సాల్మొనెల్లా క్రిములను మోస్తాయి. కనుక ఆ పళ్ళెం వంటింటి తొట్టిలో కడగవద్దు, తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అయిదేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఏ నీరు పోయాలి? మనం నిశ్చింతగా త్రాగే నీరు. పంచాయితీ ట్యాంకులో బ్లీచింగు పొడి వేసిన రోజున వాసన ఘాటుగా ఉంటే, వెడల్పు గిన్నెలో ఒక రాత్రి మూత లేకుండా ఉంచితే క్లోరిను పోతుంది. అమెరికాలో చాలా పట్టణాలలో క్లోరిను బదులు క్లోరమీను వాడుతారు. అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు కనుక మా మనుమరాలు ఏవో చుక్కల మందు కలుపుతుంది. బావినీరు, ఊటనీరు, గెడ్డనీరు అయితే మరిగించి చల్లార్చాలి. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఉప్పు, ఫ్లోరైడు పోవు. పాత్ర అంచున తెల్లని పొర కట్టే బోరునీటిని మరిగించిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

ఇది వ్రాస్తూ ఒక్క నిమిషం కలం ఆగింది. (కలమన్నది అలవాటు మాట, ఆగింది కీబోర్డు.) టెక్సాసులో బల్లికి క్లోరమీను తీసిన నీరు. ఆ పిల్లవాడి గూడెంలో వాడి చెల్లెలికి గెడ్డనీరు. శ్రావణంలో అది ఎర్రగా వస్తుంది, గుడ్డతో వడగట్టి త్రాగుతారు, ఏటేటా వాంతులు విరేచనాలు. వాడికి నేను "బల్లికి నీళ్ళు కాచి చల్లార్చి పోయరా" అని చెప్పినప్పుడు వాడు నా ముఖంలోకి చూశాడు. ఏమీ అనలేదు. ఆ మరునాటినుంచి వాళ్ళ యింట్లో అందరికీ నీళ్ళు కాస్తున్నారని తరువాత తండ్రి చెప్పాడు. కట్టెలు ఎక్కువ అవుతున్నాయని కూడా చెప్పాడు.

సరే, ఆ సాయంత్రం చేసినది ఇది. గాలి ఆడే రంధ్రాలున్న డబ్బాలో మెత్తని గుడ్డ పరచి, గోరువెచ్చని నీరు మడమ లోతుకు పోశాం. మోచేయి పెట్టి చూస్తే వెచ్చదనం తెలిసీ తెలియనట్టుండాలి. అందులో బల్లిని ఇరవై నిముషాలు ఉంచి, కదలకుండా ప్రక్కనే కూర్చున్నాం. ఆ తరువాత చెవిలో పెట్టుకొనే దూదిపుల్ల తడిపి వ్రేలి మొదటినుంచి కొసవైపు మెల్లగా దొర్లించాడు పిల్లవాడు. నా చేతులు వణుకుతాయి, వాడి చేతులు వణకలేదు. వచ్చినంత వచ్చింది, రానిది మరునాటికి వదిలేశాం. మూడు సాయంకాలాలు పట్టింది. కుడి వెనుకకాలి చిటికెనవ్రేలు మాత్రం అప్పటికే నల్లబడి ఉన్నది, అది పోయింది. అదృష్టవశాత్తు కళ్ళ దగ్గర ఏమీ మిగలలేదు. రెప్పల లోపల చర్మం మిగిలితే ఇంట్లో గుచ్చి తీయటానికి ప్రయత్నించవద్దు, పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. కుబుసం మాటిమాటికీ ఇలాగే అతుక్కుపోతూ ఉంటే తిండిలో విటమిను ఏ లోపమో, పరాన్నజీవులో ఉన్నాయేమో కూడా చూడాలి, ఒక్క తేమనే నిందించకూడదు.

బల్లి కోలుకొన్నది. అసలు చిక్కు అప్పుడే వచ్చింది.

"దీనిని ఇక దొరికిన చోటనే వదలాలి" అన్నాను.

"ఇప్పుడు నాకు పెంచడం వచ్చింది కదా మాష్టారూ" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. వాడు కాసేపు నేలచూపు చూసి, "మీ మనవరాలు ఉంచుకోవచ్చు గానీ నేను ఉంచుకోకూడదా?" అన్నాడు.

ముప్పైమూడేళ్ళు పాఠం చెప్పాను. ఇంత సూటి ప్రశ్న తరగతిలో నన్ను ఎవరూ అడగలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమెరికాలో ఉన్నవాళ్ళకు ముద్దు, అడవిలో ఉన్నవాళ్ళకు చట్టం అని వాడికి అనిపిస్తే అది వాడి తప్పా? పైగా బొబ్బట్టు ముత్తాతలను కూడా ఎవడో ఒకడు ఏదో ఒక కొండమీదనుంచి పట్టుకొనిపోయినవాడే గదా. ఈ మాట దాచి వాడికి నీతి చెప్పటం నాకు చేతకాలేదు. మరునాడు ఉన్నదున్నట్టు చెప్పాను.

బొబ్బట్టుకు కొండ తెలియదు, దానిని ఎక్కడ వదిలినా చచ్చిపోతుంది. నీ దానికి ఈ వాలు తెలుసు, ఏ రాతి క్రింద చెమ్మ ఉంటుందో తెలుసు. మనం మూడు సాయంకాలాలు కూర్చొని దూదిపుల్లతో చేసిన పనిని ఆ రాయి ఏ ఆర్భాటమూ లేకుండా చేస్తుంది. ఆపైన చైనాలోని గ్వాంగ్సీ కొండల బల్లి కథ చెప్పాను. గోనియురోసారస్ లుయీ అని, మన చిరుతబల్లికి జ్ఞాతి. 1999లో దానిని కొత్త జాతిగా ప్రకటించి దొరికిన చోటు అచ్చువేశారు. ఆ వ్యాసం చదివి వ్యాపారులు ఆ కొండకు దారి కనుక్కున్నారు. కొద్ది సంవత్సరాలలో అచ్చువేసిన ఆ చోట ఒక్క బల్లి కూడా మిగలలేదు. 2006లో కొందరు శాస్త్రజ్ఞులే ఈ సంగతి బయటపెట్టి, చోట్ల పేర్లు అచ్చు వేయటం గురించి తమవారిని హెచ్చరించారు. అస్సాము వైపు తొక్కే బల్లి గతి కూడా అటువంటిదే. ఎయిడ్సుకు మందు అన్న ఒక అబద్ధం మీద వేలకొద్దీ పట్టి అమ్మారు, చివరకు 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడిలోకి తెచ్చారు. మా పిల్లవాడి బల్లి ఏ కొండవాలున దొరికిందో నేను ఈ టపాలో ఎందుకు వ్రాయటం లేదో మీకు అర్థమయ్యే ఉంటుంది. వ్యాఖ్యలలో అడగవద్దు. అడిగినా చెప్పను.

నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. పెంపకంలో పుట్టిన జీవిని తెచ్చుకొన్నవారు రోజుకొక పళ్ళెం నీళ్ళు, ఎప్పుడూ చెమ్మ ఆరని ఒక మూల, కుబుసం తరువాత వ్రేళ్ళు లెక్కపెట్టి చూసే ఓపిక, ఈ మూడూ పదిహేను ఇరవై ఏళ్ళు ఇవ్వగలమా అని ముందు తమను తాము అడగాలి. అది అంతకాలం బ్రతుకుతుంది. పదవ తరగతి పిల్లవాడికి కొనిపెడితే వాడి పెళ్ళినాటికి కూడా ఉంటుంది. పరీక్షలని, ఉద్యోగమని వాడు వెళ్ళిపోతే పళ్ళెం కడిగేది అమ్మే. ఆమెను అడిగారా? కొండమీద పుట్టినదాన్ని మాత్రం ఎంత బాగా పెంచగలిగినా తేకూడదు. కరుస్తుందని చంపనూ కూడదు.

పిల్లవాడు వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఉంచుకొన్నాడు. మూడవనాడు తానే వచ్చి "పదండి మాష్టారూ" అన్నాడు. అటవీశాఖవారికి చెబితే ఒక గార్డు మాతో వచ్చాడు. చీకటి పడ్డాక ఆ రాయి దగ్గరే డబ్బా ప్రక్కకు వంచాడు. అది వెంటనే పరుగెత్తలేదు. నేలను రెండుమార్లు నాకి చూసింది, తోక ఒకసారి మెల్లగా ఊపి రాతి క్రిందకు పోయింది. వాడి తండ్రి కూడా వచ్చాడు. కర్ర తెచ్చుకొన్నాడు గాని అది ఘాటీ ఎక్కటానికే.

ఈ సంగతంతా మా మనుమరాలికి చెప్పాను. పిల్లవాడి ప్రశ్న కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, బొబ్బట్టు కుబుసం విడిచిన తేదీలు వ్రాసుకొనే క్యాలెండరు ఒకటి ఉన్నదని, 'షెడ్' అన్నదానికి తెలుగుమాట ఏమిటని అడిగింది. చెప్పాను. గత శుక్రవారం ఫోటో పంపింది. వ్రేళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి. క్యాలెండరు మీద తెలుగు లిపిలోనే "కుభుసం" అని వ్రాసింది. వత్తు అక్కరలేదని దిద్ది పంపాను.